లా చదవాలనుకుంటే డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలి?

శ్రావ్య_హన్మకొండ:
అందరికీ నమస్తే. ఈ ఏడాదే ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. నాకు లాయర్ కావాలని ఉంది. నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్స్ క్లాట్ రాశాను, ర్యాంకు చెప్పుకునేలా రాలేదు. రాష్ట్రంలోని లా కాలేజీల ఎంట్రన్స్ లాసెట్ కూడా, ఇంటర్ తర్వాత చేసే ఐదేళ్ల కోర్సుకు రాశాను. యూనివర్సిటీ కాలేజీలో సీటు కష్టమే, ప్రైవేటు కాలేజీలో అయితే వస్తుంది. నాన్న ఏమంటారంటే, ఎలాగూ ఎంపీసీ కాబట్టి బీటెక్ చెయ్యి, లా తర్వాత చూద్దాం అని. అది వద్దంటే కనీసం బీకాం చెయ్యమంటారు. కాలేజీలో సివిక్స్ సార్ మాత్రం బీఏ తప్ప ఏది చదివినా లాలో వెనకబడతావు అన్నారు. మా చుట్టాల్లో లాయర్లు ఎవరూ లేరు, అడగడానికి మనిషి లేడు. డిగ్రీ అడ్మిషన్ల సైట్ దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టాల్సిన గడువు దగ్గరికి వచ్చేసింది, ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. డిగ్రీ చేసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి వెళ్లడం మంచిదా? వెళ్తే డిగ్రీలో ఏం తీసుకోవాలి?

మూసీ_తీరం:
ముందు రూల్ చెప్తాను, మిగతాది తర్వాత. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఫలానా డిగ్రీయే కావాలని ఎక్కడా లేదు. లా చదువుకు రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 రూల్స్ ప్రకారం గుర్తింపు ఉన్న యూనివర్సిటీ నుంచి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. మార్కులు మాత్రం చూస్తారు: జనరల్‌కు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. నేను నల్గొండలో బీఏ హెచ్‌పీపీ (హిస్టరీ, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) చేసి ఓయూలో ఎల్‌ఎల్‌బీ చదివాను. మా క్లాసులో బీటెక్ వాళ్లు, ఫార్మసీ వాళ్లు, రిటైరైన బ్యాంకు ఆయన, ఒక కానిస్టేబులన్న, అందరూ ఉండేవాళ్లు. మొదటి సెమిస్టర్‌లో కాంట్రాక్ట్ యాక్ట్ తెరిచినప్పుడు అందరి ముఖాలూ ఒకేలా ఉన్నాయి.

మీ సివిక్స్ సార్ చెప్పింది పూర్తిగా తప్పని అనను. లాసెట్‌లో 120 ప్రశ్నల్లో 60 లా ఆప్టిట్యూడ్, 30 కరెంట్ అఫైర్స్, 30 జీకే, మెంటల్ ఎబిలిటీ. బీఏలో పాలిటీ చదివిన వాళ్లకు ఆ 60లో రాజ్యాంగం ప్రశ్నలు సులువు. అయితే ఆ సులువు ఎంట్రన్స్ వరకే.

చాయ్_సమోసా:
బీటెక్ చెయ్ సిస్టర్. లా వర్కౌట్ కాకపోతే సాఫ్ట్‌వేర్ ఉంది కదా. సింపుల్.

శామీర్‌పేట_47:
@చాయ్_సమోసా ఇష్టం లేని బీటెక్ నాలుగేళ్లు, తర్వాత లా మూడేళ్లు. ఏడేళ్లు అన్నా! సింపుల్ అంటే ఎలా?

శ్రావ్య గారూ, నేను నేషనల్ లా యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సు నాలుగో ఏడాదిలో ఉన్నాను. నా మాట ఏంటంటే, లా మీద నిజంగా మనసుంటే ఇంకో ఏడాది ఆగి క్లాట్ మళ్లీ రాయండి. ఐదేళ్ల కోర్సులో హిస్టరీ, సోషియాలజీ, ఎకనామిక్స్ లాంటివి లాతో పాటే వస్తాయి. రెండో ఏడాది నుంచే ఇంటర్న్‌షిప్‌లు, మూట్ కోర్టులు (ఉత్తుత్తి కోర్టులో వాదన పోటీలు) మొదలవుతాయి. డిగ్రీ చేసి వచ్చేవాళ్లకు ఇవన్నీ మూడేళ్లలో కుక్కుకోవాలి. పెద్ద లా ఫర్మ్‌లు క్యాంపస్‌కు వచ్చి తీసుకునేది ఎక్కువగా ఇక్కడి నుంచే. హైదరాబాద్‌లోని నేషనల్ లా యూనివర్సిటీ నల్సార్‌లో తెలంగాణ వాళ్లకు, విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య యూనివర్సిటీలో ఏపీ వాళ్లకు స్థానిక కోటా కూడా ఉంది, అది మర్చిపోవద్దు.

ఫీజు మాత్రం ఏడాదికి లక్షల్లో ఉంటుంది. బ్యాంకు లోన్ తీసుకున్నవాళ్లు మా బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. ఇంకో సంగతి, ఏ ఐదేళ్ల కోర్సులో చేరినా మధ్యలో మూడేళ్లకు బీఏ పట్టుకుని బయటికి రావడం కుదరదు. బార్ కౌన్సిల్ రూల్స్‌లో అలాంటి ఎగ్జిట్ లేదు. సరైన ఫ్యాకల్టీ లేని కాలేజీలో ఐదేళ్లు ఇరుక్కుంటే ఆ తర్వాత చేయగలిగింది తక్కువ. అందుకే ప్రైవేటు సీటు అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

బెజవాడ_ప్లీడరు:
శ్రావ్యమ్మా, నేను విజయవాడలో సివిల్ ప్రాక్టీసు చేస్తాను. నా ఆఫీసులోకి జూనియర్లు వస్తూ పోతూ ఉంటారు. వాళ్లది ఏ డిగ్రీ అని ఇప్పటిదాకా ఒక్కరినీ అడగలేదు. నేను చేసేది ఒకటే, ఒక సేల్ డీడ్ (అమ్మకం దస్తావేజు) చేతిలో పెట్టి ఇందులో ఏముందో పది లైన్లలో రాసి తెమ్మంటాను. అక్కడే తెలిసిపోతుంది.

కొందరు డీడ్ మొత్తం తిరిగి రాసి తెస్తారు. కొందరు హద్దులు వదిలేస్తారు. తూర్పున ఎవరి భూమి, పడమర ఏ కాలువ అన్నది రాయకుండా భూమి కేసు ఎలా నడుపుతావు? ఒకమ్మాయి మాత్రం, బీఎస్సీ బీజెడ్‌సీ చదివింది, డీడ్‌లో విస్తీర్ణం ఒకటి, షెడ్యూల్‌లో (చివరన ఉండే ఆస్తి వివరాల్లో) కొలతలు వేస్తే వచ్చేది ఇంకొకటి అని అడుగున రాసి తెచ్చింది. ఆ కేసులో మాకు అసలు పాయింటే అది.

కాబట్టి నా సలహా: డిగ్రీలో ఏం చదివినా సరే, ఈ మూడేళ్లలో నీకు రెండు భాషల్లో రాయడం రావాలి. తెలుగు ఎందుకంటావేమో. ఎఫ్‌ఐఆర్ తెలుగులో ఉంటుంది. దస్తావేజులు తెలుగులో ఉంటాయి. సాక్షి చెప్పేది తెలుగులో, అదీ వాళ్ల ఊరి తెలుగులో. ప్లెయింటు (దావా), రిటన్ స్టేట్‌మెంట్ (దానికి జవాబు) ఎక్కువగా ఇంగ్లీషులోనే వేస్తారు. హైకోర్టుకు వెళ్తే వాదనంతా ఇంగ్లీషు. 2023లో మీ తెలంగాణ హైకోర్టే ఒక భూవివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది, మంచిదే. అయినా రోజువారీ పని రెండు భాషల మధ్యే నడుస్తుంది. మీ ప్రాంతంలో అయితే పాత రికార్డుల్లో ఉర్దూ మాటలు కూడా తగులుతాయి: పహాణీ, సేత్వార్, ఫైసల్ పట్టీ, అన్నీ భూమి రికార్డుల పేర్లే. 1954-55 ఖాస్రా పహాణీ చూడకుండా తెలంగాణలో పాత భూమి కేసు ముందుకు కదలదని అక్కడి మిత్రులు చెబుతారు. మా వైపు అలాంటి రికార్డులు అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం). ఇవి ఏ డిగ్రీలోనూ చెప్పరు, ఎల్‌ఎల్‌బీలోనూ అంతంతమాత్రమే.

జీఎస్టీ_గోపి:
సీనియర్ గారి మాట శిరోధార్యం. కానీ డిగ్రీతో పనే లేదంటే నేను ఒప్పుకోను. నేను బీకాం చేసి హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌బీ చదివి ట్యాక్స్ ప్రాక్టీసులో ఉన్నాను. బ్యాలెన్స్ షీట్ చూసి భయపడే లాయర్లు ఎంతమందో మీకు తెలియదు! జీఎస్టీ షోకాజ్ నోటీసు వస్తే చాలామంది ముందు సీఏ దగ్గరికే పరిగెడతారు. లెక్కలు చదవగలిగిన లాయర్‌కు అక్కడ పని దొరుకుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ అప్పీళ్లు, జీఎస్టీ, కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో దివాలా కేసులు, అన్నీ అంకెల చుట్టూ తిరిగేవే.

ఇంకోటి, బీకాంలో బిజినెస్ లా పేపర్ ఉంటుంది. 1872 కాంట్రాక్ట్ యాక్ట్, 1930 సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ అక్కడే ఒకసారి కళ్లబడతాయి. చెక్ బౌన్స్ కేసు తీసుకోండి. జూనియర్‌గా చేరిన మొదటి నెలల్లోనే చేతికొచ్చే కేసు అది. చెక్కు చెల్లలేదన్న బ్యాంకు మెమో అందాక 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అవతలివాడికి నోటీసు అందాక 15 రోజులు టైమ్, అప్పటికీ కట్టకపోతే నెలలోపు ఫిర్యాదు. బీకాం వాడికి చెక్కు అంటే ఏమిటో, ఎండార్స్‌మెంట్ (వెనక సంతకం చేసి ఇంకొకరి పేరికి మార్చడం) అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు.

నాన్నగారు బీకాం అన్నది తీసిపారేయాల్సిన మాట కాదండీ. లా మధ్యలో ఆగినా బీకాంతో అకౌంట్స్ ఉద్యోగం వస్తుంది. కోర్టులో మొదటి రెండు మూడేళ్లు జూనియర్‌కు వచ్చేది ఆటో ఖర్చులకే సరిపోతుంది, ఇది కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

మూసీ_తీరం:
@జీఎస్టీ_గోపి అందరూ ట్యాక్స్‌కే వెళ్తారా అన్నా? ప్రభుత్వం మీద హైకోర్టులో రిట్ పిటిషన్లు ఎవరు వేస్తారు? నేను బీఏలో రాజ్యాంగంలో ఆర్టికల్ 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు), 226 (హైకోర్టు రిట్లు) అన్నీ పరీక్ష కోసమే చదివాను, నిజమే. కానీ గిరిజన ప్రాంతాల పాలన గురించి రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూల్ అంటే ఏమిటో, ఏజెన్సీ ప్రాంతాలు ఎందుకు ఏర్పడ్డాయో హిస్టరీలో చదివి ఉండబట్టే 1997 సమతా కేసు తీర్పు చదివితే అర్థమైంది. విశాఖ ఏజెన్సీలో గిరిజన భూములను ప్రైవేటు మైనింగ్ కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన కేసు అది. అదే షెడ్యూల్డ్ ఏరియాల్లో టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే అన్న జీవో 3ను 2020లో అదే కోర్టు కొట్టేసింది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదవాలంటే బ్యాలెన్స్ షీట్ పనికి రాదు.

జీఎస్టీ_గోపి:
రిట్లు వేసేవాళ్లకు కూడా క్లయింటు ఫీజు ఇవ్వాలిగా అన్నా 😀

శ్రావ్య_హన్మకొండ:
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, థాంక్యూ. కొన్ని నా వైపు నుంచి. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇంటర్ ఇంగ్లీష్ మీడియం అన్నారు కానీ సార్లు చెప్పింది తెలుగులోనే. ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది, రాయడం అంటేనే భయం. మ్యాథ్స్ బాగా వచ్చు, కానీ లాలో మ్యాథ్స్ ఎందుకు పనికొస్తుంది? అది వదిలేస్తే రెండేళ్లు వృథా అయినట్టు అనిపిస్తోంది. క్లాట్ కోసం ఇంకో ఏడాది ఆగడానికి ఇంట్లో ఒప్పుకోరు. కోచింగ్‌కు డబ్బు కూడా లేదు.

బెజవాడ_ప్లీడరు:
మ్యాథ్స్ వృథా అని ఎవరన్నారమ్మా? మోటారు యాక్సిడెంట్ కేసు చూడు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు, సొంత ఆటో, నెలకు 15,000 సంపాదన, లారీ గుద్ది చనిపోయాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. నష్టపరిహారం ఎంత అడుగుతావు? ఏడాదికి 1,80,000. స్వయం ఉపాధి, వయసు నలభై లోపు కాబట్టి భవిష్యత్తు సంపాదన కింద 40 శాతం కలుపు, ఇది 2017 ప్రణయ్ సేథీ తీర్పు. 2,52,000 అయింది. ఆధారపడ్డవాళ్లు ముగ్గురు కాబట్టి అతని సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేయ్. 1,68,000. ఆ వయసుకు 2009 సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 17తో హెచ్చవేయి. 28,56,000. దీనికి అంత్యక్రియల ఖర్చు వగైరా విడిగా కలుస్తాయి. ఈ లెక్క తప్పు వేస్తే ఆ ఇంటికి లక్షల్లో నష్టం. ట్రిబ్యునల్‌లో క్యాలిక్యులేటర్ పట్టుకుని తడబడే వకీళ్లను చూస్తూనే ఉంటాం.

భూమి కేసులోనూ అంతే. మీ దగ్గర ఎకరానికి 40 గుంటలు, మా దగ్గర 100 సెంట్లు. ఒక దస్తావేజులో గజాలు, ఇంకోదానిలో గుంటలు రాసి ఉంటే ఎవరు కలిపి చూడాలి?

పేటెంట్_పద్మ:
ఆలస్యంగా చూశాను. సైన్స్ వైపు నుంచి ఒక దారి ఉంది, ఇక్కడ ఎవరూ చెప్పలేదు. పేటెంట్ ఏజెంట్ (కొత్త ఆవిష్కరణలపై హక్కు కోసం దరఖాస్తులు వేసిపెట్టే మనిషి) కావాలంటే పేటెంట్స్ చట్టం సెక్షన్ 126 ప్రకారం సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ తప్పనిసరి. బీఏ ఎల్‌ఎల్‌బీ, బీకాం ఎల్‌ఎల్‌బీ వాళ్లు ఆ పరీక్ష రాయడానికే అర్హులు కారు. 21 ఏళ్లు నిండి, ఆ డిగ్రీ ఉండి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసైతే రిజిస్టర్ చేసుకోవచ్చు. దానికి లా డిగ్రీ అక్కర్లేదు. కానీ పేటెంట్ ఏజెంట్ పని పేటెంట్ ఆఫీసులో కంట్రోలర్ ముందు వరకే. కోర్టులో ఇన్‌ఫ్రింజ్‌మెంట్ (పేటెంట్ హక్కు ఉల్లంఘన) కేసు వాదించాలంటే అడ్వకేట్ అయి ఉండాలి. రెండూ ఉన్నవాళ్లు తక్కువ. హైదరాబాద్ చుట్టూ ఇన్ని ఫార్మా కంపెనీలు ఉన్నాయి కదా, ఒక్కసారి ఆలోచించండి. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాక ఎల్‌ఎల్‌బీ చేశాను.

అయితే ఒక్కటి. ఈ దారి కోసమే ఇష్టం లేని బీఎస్సీ చేయకండి. కెమిస్ట్రీ అంటే విసుగొస్తే పేటెంట్ స్పెసిఫికేషన్లు (ఆవిష్కరణ వివరాల పత్రాలు) చదవడం అంతకన్నా విసుగు.

సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ గారు బీఎస్సీ చదివి, ఆ తర్వాత లా చేసినవారే. మధ్యలో జర్నలిస్టుగా కూడా పనిచేశారు. సైన్స్ చదివితే లాలో వెనకబడతారని మీ సార్ మళ్లీ అంటే ఇది చెప్పండి.

డాలస్_బాబాయి:
మా అమ్మాయి ఇక్కడ ప్రీ-లా అంటోంది కాబట్టి ఆసక్తిగా చదువుతున్నాను. అమెరికాలో ఇంటర్ తర్వాత నేరుగా లా అనేదే లేదు. అందరూ నాలుగేళ్ల డిగ్రీ చేశాకే మూడేళ్ల లా డిగ్రీ జేడీకి వెళ్లాలి. ప్రీ-లా అనేది చాలాచోట్ల డిగ్రీ పేరే కాదు, సలహాలు ఇచ్చే ఒక విభాగం. అమెరికన్ బార్ అసోసియేషన్ ఫలానా మేజర్ తీసుకోమని చెప్పదు. చదవడం, రాయడం, తర్కించడం నేర్పే కఠినమైన కోర్సులు తీసుకోమంటుంది, అంతే. ఎక్కువమంది పొలిటికల్ సైన్స్ తీసుకుంటారు. అక్కడి లా ఎంట్రన్స్ ఎల్‌శాట్ సగటు స్కోర్లలో మాత్రం మ్యాథ్స్, ఫిజిక్స్, ఫిలాసఫీ, ఎకనామిక్స్ వాళ్లు పైన కనిపిస్తారు.

2024 ఆగస్టు నుంచి ఎల్‌శాట్‌లో లాజిక్ గేమ్స్ అనే పజిల్స్ తీసేశారు. ఇప్పుడు స్కోరులో లెక్కకు వచ్చేది రెండు లాజికల్ రీజనింగ్ భాగాలు, ఒక రీడింగ్ కాంప్రహెన్షన్. అంటే పూర్తిగా చదివి అర్థం చేసుకునే పరీక్షే. మనవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే, ప్రీ-మెడ్ లాగే దీనికీ ఫలానా కోర్సుల జాబితా ఉంటుందనుకుని పిల్లల వెంట పడటం. జీపీఏ పడిపోతే ఆ జాబితా ఏమీ కాపాడదు. నేనూ మా అమ్మాయిని కంప్యూటర్ సైన్స్ వైపు నెట్టబోతే, తగ్గేది నా జీపీఏ నాన్నా, మీది కాదు అంది.

శామీర్‌పేట_47:
బాబాయి గారి మాట ఇక్కడ కూడా కొంత పనికొస్తుంది. క్లాట్ కూడా ఇప్పుడు పేరాలు చదివి జవాబు ఇచ్చే పరీక్షే. డిగ్రీ తర్వాత రాసే మంచి ఎంట్రన్స్‌లు కూడా ఉన్నాయి శ్రావ్య గారూ, లాసెట్ ఒక్కటే కాదు. ఢిల్లీ యూనివర్సిటీ ఫ్యాకల్టీ ఆఫ్ లా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ సీయూఈటీ-పీజీ అనే ఎంట్రన్స్ ద్వారా. బెంగళూరు నేషనల్ లా స్కూల్ 2022 నుంచి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పెట్టింది, దానికి ఎన్‌ఎల్‌శాట్ అని వేరే పరీక్ష, అందులో పెద్ద జవాబులు రాసే భాగం కూడా ఉంటుంది. అంటే డిగ్రీ తర్వాత మీకు రెండో అవకాశం నిజంగానే ఉంది. ఇది తెలిసి ఉంటే మా తమ్ముడు ఏదో కాలేజీలో ఐదేళ్ల కోర్సుకు తొందరపడేవాడు కాదు.

చాయ్_సమోసా:
సరే సరే, బీటెక్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ జడ్జి కావాలంటే ఏది బెస్ట్?

మూసీ_తీరం:
నేను ఆ పరీక్షకే చదువుతున్నాను కాబట్టి చెప్తా. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్లో లాయర్‌గా తాత్కాలిక నమోదు) తేదీ నుంచి లెక్కపెడతారు, జడ్జి దగ్గర లా క్లర్క్‌గా చేసినా లెక్కలోకి వస్తుంది. లా అయిపోగానే రాసే రోజులు పోయాయి. కాబట్టి ఐదేళ్లా ఆరేళ్లా అన్న లెక్క వేసేటప్పుడు పైన ఈ మూడేళ్లు కూడా కలుపుకోవాలి. పరీక్షలో ఇంగ్లీష్ పేపర్ ఉంటుంది, అనువాదం కూడా అడుగుతారు. ప్లీడరు గారు రెండు భాషలు అన్నది అక్కడ మార్కుల రూపంలో కనిపిస్తుంది.

ఖర్చు విషయంలో మంచి వార్త ఒకటుంది. బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్‌మెంట్‌కు ఇదివరకు వేలకు వేలు గుంజేవాళ్లు. చట్టంలో ఉన్న ఫీజు కన్నా ఎక్కువ తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు.

శ్రావ్య_హన్మకొండ:
ఇంగ్లీష్ రాయడం ఎలా అలవాటు చేసుకోవాలి? స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులకు వెళ్లాలా?

బెజవాడ_ప్లీడరు:
వద్దమ్మా. స్పోకెన్ క్లాసులో నేర్పేది హోటల్లో ఎలా మాట్లాడాలో. నీకు కావాల్సింది వేరు.

వారానికి ఒక తీర్పు చదువు. సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో తీర్పులన్నీ ఉచితం, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా పెడుతున్నారు. మొదట్లోనే కేశవానంద భారతి కేసు తీర్పు జోలికి పోవద్దు, వందల పేజీలు, పెద్దవాళ్లే మునిగిపోతారు. చిన్నవి పట్టుకో, పది పదిహేను పేజీలవి. చెక్ బౌన్స్, మనోవర్తి, అద్దె ఇల్లు. చదివాక ఒకే పేజీలో రాయాలి: ఏం జరిగింది, గొడవ దేని మీద, కోర్టు ఏం చెప్పింది, ఎందుకు చెప్పింది. ఈ నాలుగో ముక్క దగ్గరే అందరూ తడబడతారు. కోర్టు ఏం చెప్పిందో పేపరు వాళ్లు కూడా రాస్తారు. ఎందుకు చెప్పిందో రాయగలిగితే నువ్వు సగం లా చదివినట్టే. ఒక వారం ఇంగ్లీషులో రాయి, ఇంకో వారం తెలుగులో. తెలుగులో రాయబోతే అర్థం కాని చోటు దొరికిపోతుంది. ఇంగ్లీషులో అయితే తీర్పులోని వాక్యమే ఎత్తి రాసేసి అర్థమైందనుకుంటాం.

మూల చట్టాలు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. బజారులో గైడు కొనకు. 2024 జులై 1 నుంచి క్రిమినల్ చట్టాలు ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ పోయి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. అంతకు ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి కాబట్టి ఇంకొన్నేళ్లు రెండూ తెలియాల్సిందే. పాత పుస్తకం ఎవరైనా ఊరికే ఇస్తే పారేయకు.

జీఎస్టీ_గోపి:
సార్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. నేను బీకాంలో ఉండగా ఇవేవీ చేయలేదు, లాలో చేరాకే మొదలుపెట్టాను. అయినా బతికి బట్టకట్టాను. కాబట్టి శ్రావ్యా, ఒక వారం తీర్పు చదవకపోతే కొంప మునగదు.

ఖమ్మం_కల్యాణి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నేను గృహిణిని, పదో తరగతి దాకా చదివి ఆగిపోయాను. ఇంటర్ లేకుండానే ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీలో చేరాలనుకుంటున్నాను, ఆ తర్వాత లా. వయసు ముప్పై ఆరు. కుదురుతుందా?

మూసీ_తీరం:
అక్కా, చేరే ముందు అడిగి మంచి పని చేశారు. వయసుతో ఇబ్బంది లేదు, మా క్లాసులో రిటైరైన ఆయనే ఉన్నారని పైన రాశాను. దూరవిద్యలో డిగ్రీ చేసినా ఇబ్బంది లేదు. చిక్కంతా ఇంటర్ లేకపోవడంతోనే. బార్ కౌన్సిల్ రూల్ 5 వివరణలో స్పష్టంగా ఉంది: కనీస విద్యార్హత లేకుండా ఓపెన్ యూనివర్సిటీ ద్వారా నేరుగా డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు లా కోర్సుకు అర్హులు కారు. పది, ఇంటర్, డిగ్రీ వరుసగా ఉండాలి. కాబట్టి మీరు ముందు ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ పాసవ్వండి, తర్వాత ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేయండి. కాస్త ఎక్కువ కాలం పడుతుంది. కానీ ఎంట్రన్స్ ర్యాంకు తెచ్చుకుని కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూసినప్పుడు వెనక్కి పంపిస్తే అంతకన్నా బాధ.

ఎల్‌ఎల్‌బీ మాత్రం దూరవిద్యలో లేదు. ఎవరైనా ఉందని చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి, ఇంటి పని చూసుకుంటూ ఎలా వెళ్లాలో ఇప్పటి నుంచే ఆలోచించుకోండి.

ఖమ్మం_కల్యాణి:
చాలా థాంక్స్ తమ్ముడూ. రేపే ఓపెన్ ఇంటర్ సెంటర్‌కు వెళ్లి కనుక్కుంటాను.

శ్రావ్య_హన్మకొండ:
నిన్న ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. యాక్సిడెంట్ లెక్క దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. ఆయన ఆటోమొబైల్ షాపులో పనిచేస్తారు, అలాంటి కేసులు చూశారట. ప్రైవేటులో ఐదేళ్ల సీటు వదిలేస్తున్నాను. దోస్త్‌లో మొదటి ఆప్షన్ హన్మకొండలోనే ప్రభుత్వ కాలేజీలో బీఏ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ ఉన్న కాంబినేషన్. రెండోది బీకాం. గోపి అన్న కోప్పడకండి, ఎకనామిక్స్ ఉంది కదా 🙂 నాన్నకు ఇంకా బీకాం మీదే మనసు, కానీ ఆప్షన్లు నన్నే పెట్టుకోమన్నారు.

చివరగా ఒక డౌటు. కోర్టు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. స్టూడెంట్‌ని లోపలికి రానిస్తారా? ఎవరినైనా అడగాలా?

జీఎస్టీ_గోపి:
కోపం ఏముంది. మూడో ఏడాదిలో అకౌంట్స్ నేర్చుకోవాలనిపిస్తే మెసేజ్ పెట్టు, నా పాత పుస్తకాలు పంపిస్తాను.

బెజవాడ_ప్లీడరు:
రానిస్తారమ్మా. మన కోర్టులు బహిరంగ కోర్టులు. ఫ్యామిలీ కోర్టు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలు), అత్యాచారం కేసుల్లాంటివి మాత్రం తలుపులు మూసి విచారిస్తారు, అక్కడికి వెళ్లకు. జిల్లా కోర్టులో పొద్దున పదిన్నరకు ముందే వెళ్లి వెనక వరుసలో కూర్చో. మొదటి గంటంతా కేసులు పిలవడం, వాయిదాలు ఇవ్వడమే, విసుగు పడి లేచి రావద్దు. ఆ తర్వాత సాక్షుల విచారణ మొదలవుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్ ఉన్న రోజు ఏదో బెంచి క్లర్కును మర్యాదగా అడిగితే చెబుతారు. ఫోన్ సైలెంట్ కాదు, స్విచాఫ్ చెయ్యి. ఫోటోలు, రికార్డింగులు అసలు వద్దు. హైకోర్టు ఎలా ఉంటుందో చూడాలంటే తెలంగాణ హైకోర్టు విచారణలు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి, ఇంట్లో కూర్చునే చూడొచ్చు. కానీ ముందు కింది కోర్టుకే వెళ్లు, నువ్వు రేపు మొదలుపెట్టేది అక్కడే.

చాయ్_సమోసా:
నేనూ రావచ్చా సార్? బీటెక్ మూడో ఏడాది, నాలుగు బ్యాక్‌లాగ్‌లు 🙈

బెజవాడ_ప్లీడరు:
రా నాయనా. బ్యాక్‌లాగ్‌లు క్లియర్ చేసుకుని రా, 45 శాతం అక్కడా అడుగుతారు.